గిటారు కొయ్యపై యంత్రపు ఉలి

అమెరికాలోని కలమజూలో ఓర్విల్ గిబ్సన్ వయొలిన్ తరహాలో మందపాటి కొయ్యను తొలిచి వాద్యాల పైపలకకు వంపు తెచ్చే పద్ధతిని అనుసరించి, 1898లో తన మాండొలిన్ నిర్మాణానికి పేటెంటు పొందాడు. అతని పేరిట 1902లో ఏర్పడిన కంపెనీ 1952లో అలాంటి వంపు పైపలకతోనే లెస్ పాల్ అనే గిటారును విడుదల చేసింది. అదే ఏడాది ఎం.ఐ.టి. పరిశోధకులు చిల్లులు పొడిచిన టేపుపైని అంకెల ఆదేశాలతో కదిలే మిల్లింగ్ యంత్రాన్ని ప్రదర్శించారు గానీ, విమాన భాగాల కోసం పుట్టిన ఆ భారీ యంత్రం గిటారు తయారీదారులకు అందుబాటులోకి రావడానికి దశాబ్దాలు పట్టింది.

ఇంటి బల్లపై ఇమిడే సీఎన్‌సీ రౌటర్, అంటే కంప్యూటర్ ఆదేశాల మేరకు మూడు దిశల్లో కదిలే చెక్కుడు యంత్రం, 2009లో మొదలైన జీఆర్‌బీఎల్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ సాయంతో ఎందరో అభిరుచిపరుల చేతికి చేరింది. దీనిపై అభ్యాసకుడు నేర్వవలసింది కంప్యూటర్‌పై గీసే గీతల కన్నా కొయ్యను బిగించే తీరు, దాని స్వభావమే: పలక కాస్త కదిలినా కొలతల మూలబిందువు తప్పుతుంది, పొరకు ఎదురుగా కత్తి వేగంగా సాగితే అంచు పెళ్లలుగా లేస్తుంది. గుండ్రటి మొన గల కత్తి వంపుపై సన్నని గట్లను మిగులుస్తుంది. వాటిని గీకుడు రేకుతో, గరుకు కాగితంతో చేత్తోనే నునుపు చేయాలి. గుండ్రంగా తిరిగే కత్తి చదరపు మూలను తీయలేదు కనుక, గిటారు మెడ కూర్చునే గూటి మూలలను ఉలితో సరిచేస్తారు, లేదా మెడ మడమనే గుండ్రంగా మలుస్తారు.