ఎద్దు నోరు, అమ్మేవాడి నోరు

పదేళ్ల కిందట బెంగుళూరులో నేనొక సెకండ్ హ్యాండ్ కారు కొన్నాను. పెయింటు అద్దంలా ఉంది, అమ్మినాయన పెద్దమనిషిలా ఉన్నాడు, ఇంకేం కావాలి? మూడో నెలలో బండి నడిరోడ్డు మీద ఆగిపోయింది. వైరింగ్ విప్పిన మెకానిక్ ఎండిన బురద చూపించి, "సార్, ఇది వాననీళ్లలో మునిగిన బండి" అన్నాడు. ఒళ్లు మండి లాయరు మిత్రుడికి ఫోన్ చేశాను. వాడు ఒకటే ప్రశ్న వేశాడు.

"మునిగిందా అని నువ్వు అడిగావా?"

అడగలేదు. ఆయనా చెప్పలేదు.

"అయితే ఆయన చెప్పకపోవడం ఒక్కటే మోసం కిందికి రాదు పో."

నమ్మబుద్ధి కాక ఆ చట్టం తీసి చదివాను. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం, 17వ సెక్షన్. మోసం అంటే ఏమిటో చెప్పి, కింద ఉదాహరణలు ఇచ్చారు. తమాషా ఏమిటంటే అవి గుర్రాల బేరాలు! ఒకడు తన గుర్రానికి జబ్బుందని తెలిసీ వేలంలో అమ్మాడు, నోరు విప్పి ఏమీ చెప్పలేదు. అది మోసం కాదు. కానీ కొనేవాడు "నువ్వు కాదనకపోతే గుర్రం బాగున్నట్టే అనుకుంటా" అన్నాక కూడా అమ్మేవాడు మౌనంగా ఉంటే? అప్పుడు ఆ మౌనం నోటితో చెప్పినదానికి సమానం. అంటే ఒక్క ప్రశ్నతో బేరం చట్టం దృష్టిలో మారిపోతుంది. నేను ఆ ప్రశ్న అడగకుండా డబ్బులు చేతిలో పెట్టొచ్చాను.

ఇది చదువుతుంటే మా జేజినాయన గుర్తొచ్చాడు. మాది ఆదోనికీ ఎమ్మిగనూరుకీ మధ్య పల్లె. ఈ ప్రాంతమంతా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడేదాకా మద్రాసు రాష్ట్రంలో బళ్లారి జిల్లా కింద ఉండేది, ఆ తర్వాతే కర్నూలులో కలిసింది. సంక్రాంతి రోజుల్లో, పుష్యమాసంలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతర వస్తుంది. జాతర అంటే పిల్లలకు తేరు, బొరుగులు. పెద్దవాళ్లకు మాత్రం ఎద్దుల సంత. కాడి ఎద్దులంటే రైతుకు అప్పట్లో ఇంట్లో అన్నిటికంటే ఖరీదైన యంత్రం. తప్పు జత కొంటే ఏడాది సేద్యం పోయినట్టే.

మా చిన్నాన్న మొదటిసారి సొంతంగా ఒక జత బేరమాడి వచ్చి, పళ్లు చూసినా అని గొప్పగా చెప్పాడట. జేజినాయన అన్నమాట మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు: "ఎద్దు నోరు సూస్తివి సరే, అమ్మేవాని నోరు తెరిపిస్తివా?"

పళ్లు చూడటం వయసు కోసం. ఎద్దుకు ముందర కింది దవడలోనే పళ్లుంటాయి. పాలపళ్లు రాలి రెండేసి చొప్పున పెద్దపళ్లు వస్తాయి: రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. అరిగిన పళ్లు ముసలితనం చెబుతాయి. అమ్మేవాడు కొమ్ములు చెక్కి నూనె రాయొచ్చు, పాడిఆవైతే ఒక పూట పిండకుండా తెచ్చి పొదుగు నిండుగా చూపించొచ్చు. పళ్లతో అంత సులభం కాదు. తర్వాత కాడికి కట్టి నడిపించడం. ఆ తర్వాత నలుగురి ముందు అడగడం: పొడుస్తుందా, కాడి కింద పడుకుంటుందా, ఏ రోగమైనా వచ్చిందా? సాక్షుల ముందు అబద్ధమాడినవాడు మళ్లీ ఏడాది అదే సంతకు రావాలి కదా!

ఇక ధర. తువ్వాలు కింద చెయ్యి పెట్టి వేళ్లు పట్టుకుని చెప్పుకోవడం మనవాళ్లలో చాలామంది చూసే ఉంటారు. చుట్టూ ఉన్నవాళ్లకు అంకె తెలియదు. ఈ బేరం చెడినా ఆ తక్కువ ధర ఊరంతా పాకదు, అమ్మేవాడు రెండోవాడితో మళ్లీ మొదటినుంచి మాట్లాడుకోవచ్చు. బాగానే ఉంది. కానీ ఇదే పద్ధతి పంటల మార్కెట్లలో రైతు కొంప ముంచింది. అక్కడ తువ్వాలు కింద ఉండేవి దళారులవి, వ్యాపారులవి. సరుకు రైతుది, చేతులు వేరేవాళ్లవి! 1928లో వ్యవసాయంపై రాయల్ కమిషన్ నియంత్రిత మార్కెట్లు కావాలని గట్టిగా చెప్పింది. 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చింది. 1966 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం పేరులోనే పంటలతోపాటు పశువులూ ఉన్నాయి. ఆదోని పత్తి యార్డులో బేరం నడవాల్సింది ఈ చట్టం కిందే.

మరి కార్లకు దీనికీ ఏం సంబంధం? 1970లో జార్జ్ ఏకర్‌లాఫ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త పాత కార్ల సంత మీద ఒక వ్యాసం రాశాడు. బండి లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు అన్నిటికీ తక్కువ ధరే ఇస్తానంటాడు, ఆ ధరకు మంచి బండి ఉన్నవాడు అమ్మడు, చివరికి సంతలో డొక్కులే మిగులుతాయి. మూడు పత్రికలు తిప్పికొట్టిన ఆ వ్యాసానికే 2001లో నోబెల్ వచ్చింది. ఆయన 1967-68లో ఢిల్లీలో ఉన్నాడు. మన ఆడవాళ్లు బజారు బియ్యంలో కావాలని కలిపిన రాళ్లు ఏరుకోవడం గురించి కూడా ఆ వ్యాసంలో రాశాడు. ఆయన రోగం ఏమిటో చెప్పాడు, మందు మాత్రం మన సంతల్లో అంతకు ముందే ఉంది: చూడు, కట్టి నడిపించు, అడుగు.

చూడటం ఎందుకు తప్పదంటే కాంట్రాక్టు చట్టం 19వ సెక్షన్‌లో ఒక మెలిక ఉంది. మామూలు జాగ్రత్తతో నిజం తెలుసుకునే వీలుండి కూడా నువ్వు తెలుసుకోకపోతే, ఎదుటివాడి మౌనాన్ని చూపించి బేరం రద్దు చేయమనలేవు. అడిగితే చాలదు, చూడాలి. చూస్తే చాలదు, అడగాలి.

కారుకూ పళ్లుంటాయి. టైరు మీద నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారం, తర్వాతవి సంవత్సరం. మీటరు 30 వేలు చూపిస్తూ పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోయి ఉంటే మీటరును నమ్మకండి. సీటు బెల్టు చివరిదాకా లాగి బురద చార ఉందేమో చూడండి (నేను చూడలేదు). ఇంజను చల్లగా ఉన్నప్పుడే స్టార్టు చేయించండి. అదే కాడికి కట్టడం. మెకానిక్ మీవాడై ఉండాలి.

కాగితాలు మరో కథ. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం రాష్ట్రంలోపల అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో, కొన్నవాడు 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి. బండి అమ్మేసి ఈ పని మరిచిపోయేవాళ్లకు ఒక మాట: రిజిస్ట్రేషన్ ఎవరి పేరున ఉంటే ప్రమాదానికి బాధ్యత వాళ్లదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగుళూరు బండి ఆదోనికి తెచ్చుకునేవాళ్లకు అక్కడి ఆర్టీవో ఎన్‌ఓసీ, ఇక్కడ లైఫ్ టాక్సు తప్పవు. ఆ ఖర్చు బేరంలోనే తీసేయండి. మధ్యవర్తి ఉంటే మాత్రం తువ్వాలు కింద ఎవరి చెయ్యి ఉందో చూసుకోండి, అసలు యజమానితో మీరే అంకె మాట్లాడండి.

ఈమధ్య మా పిన్ని కొడుకు ఆదోని నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, బండి సూసినా, బాగుంది, బయానా ఇచ్చేద్దునా?"

"ఆగురా. నేను చెప్పింది వాట్సాప్‌లో పంపు: ఈ బండి నీళ్లలో మునగలేదు, ప్రమాదం కాలేదు, మీటరు మార్చలేదు, అప్పు లేదు. మీరు కాదనకపోతే ఇవన్నీ నిజమనుకుని కొంటున్నా, అని."

పంపాడు. రెండు నీలం టిక్కులు వచ్చాయి. మర్నాటి దాకా జవాబు రాలేదు. కోర్టులో ఆ మౌనం విలువ ఎంతో తేల్చుకోవాల్సిన అవసరం మావాడికి రాలేదు. ఆ బండి కొనలేదు.