ఉప్పునీటి అక్వేరియంలో రాగి చికిత్స

సముద్రపు చేపలను పెంచే అక్వేరియంలలో చేపల చర్మానికి, మొప్పలకు పట్టే కొన్ని పరాన్నజీవులను నిర్మూలించడానికి నీటిలో అతి స్వల్ప పరిమాణంలో రాగి లవణాన్ని కలిపి, ఆ గాఢతను కొన్ని వారాల పాటు నిలిపి ఉంచడాన్ని రాగి చికిత్స అంటారు. ఇందుకు తొలినుండి వాడుతున్న పదార్థం కాపర్ సల్ఫేట్, అనగా తెలుగువారికి చిరపరిచితమైన మైలుతుత్తం. తోటలలో బూజు తెగుళ్ళకు చల్లే బోర్డో మిశ్రమంలో సున్నంతో పాటు కలిపేది కూడా ఇదే. చేపకు మందుగా పనిచేసే మోతాదుకు, ఆ చేపనే చంపే మోతాదుకు మధ్య ఎడం చాలా తక్కువ. కనుక ఇది కొలతతో చేయవలసిన వైద్యమే గాని, అందాజుగా చేయదగినది కాదు.

ఏయే వ్యాధులకు

ఈ చికిత్స ముఖ్యంగా రెండు వ్యాధులకు ఉద్దేశించబడినది. మొదటిది అమైలూడినియమ్ ఒసెల్లాటమ్ అనే ఏకకణ జీవి వలన కలిగే వెల్వెట్ వ్యాధి. చేప ఒంటిపై సన్నని బంగారు రంగు ధూళి చల్లినట్లు కనిపించడం వలన దీనికి ఆ పేరు వచ్చింది. నిజానికి ఈ పరాన్నజీవి ముందుగా మొప్పలనే ఆక్రమిస్తుంది. అందువలన ధూళి కంటబడక ముందే చేప వేగంగా మొప్పలాడించడం, మేత మానడం, నీటి ప్రవాహం ఎదుట నిలబడడం చూస్తాము. ఆపై ఒకటి రెండు రోజులలోనే తొట్టెలోని చేపలన్నీ చనిపోయే అవకాశం ఉన్నది.

రెండవది క్రిప్టోకారియాన్ ఇరిటాన్స్ వలన కలిగే తెల్లమచ్చల వ్యాధి. ఒంటిపైన, రెక్కలపైన ఉప్పు రవ్వలవంటి మచ్చలు ఏర్పడతాయి. సర్జన్ చేపలకు ఇది త్వరగా సోకుతుంది. మంచినీటి చేపలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధి చూపునకు ఇటువంటిదే అయినా, దానికి కారణమైన జీవి వేరు.

చరిత్ర

వెల్వెట్ వ్యాధి కారకాన్ని 1931లో బ్రౌన్ అనే శాస్త్రవేత్త వర్ణించి, ఊడినియమ్ ప్రజాతిలో చేర్చారు. 1946లో దానిని అమైలూడినియమ్ అనే కొత్త ప్రజాతికి మార్చారు. దీనికి కాపర్ సల్ఫేట్ చికిత్సను వివరిస్తూ శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ అక్వేరియానికి చెందిన రాబర్ట్ డెంప్‌స్టర్ 1955లో ఒక పరిశోధనా పత్రం ప్రచురించారు. వ్యాధి పేరులోను, ప్రజాతి పేరులోను ఇన్ని మార్పులు వచ్చినా మందు మాత్రం నేటికీ వాడుకలోనే ఉన్నది.

పరాన్నజీవి జీవిత చక్రం

రాగి చికిత్సలో జరిగే పొరపాట్లలో చాలా భాగం ఈ జీవిత చక్రం తెలియకపోవడం వలన జరిగేవే. క్రిప్టోకారియాన్‌ను ఉదాహరణగా తీసుకొందాము. చేప చర్మపు పై పొర క్రింద చేరి అది 3 నుండి 7 రోజులు తిని పెరుగుతుంది. మనకు కనిపించే తెల్లమచ్చ ఇదే. తరువాత అది చేపను విడిచి అడుగున ఉన్న ఇసుకకో రాయికో అంటుకొని, చుట్టూ గట్టి కోశాన్ని కట్టుకొంటుంది. ఆ కోశం లోపల విభజన చెంది, కొన్ని రోజుల నుండి కొన్ని వారాల లోపు సుమారు 200 వరకు పిల్ల జీవులను విడుదల చేస్తుంది. ఇవి ఈదుకొంటూ పోయి, ఒకటి రెండు రోజులలో చేపను పట్టుకోవాలి, లేనిచో నశిస్తాయి. అమైలూడినియమ్ చక్రం కూడా దాదాపు ఇటువంటిదే గాని, మరింత వేగవంతమైనది. దాని ఒక్క కోశం నుండి 256 వరకు పిల్లలు రాగలవు.

రాగి చంపగలిగేది ఈదుతున్న దశలోని పిల్ల జీవులను మాత్రమే. చేప చర్మంలో ఉన్నదానినీ, కోశంలో ఉన్నదానినీ అది తాకలేదు. ఇక్కడే పెంపకందారు మోసపోతాడు. మందు వేసిన మూడవ నాటికో నాలుగవ నాటికో మచ్చలు మాయమవుతాయి. మందు వేయకపోయినా అవి మాయమయ్యేవే. ఎందుకనగా జీవి తన వేళకు తాను చేపను విడిచిపోతుంది. జబ్బు తగ్గిందనుకొని చికిత్స ఆపినచో, కోశాలు పగిలి రెండవమారు అంతకు ఎన్నో రెట్లు దాడి జరుగుతుంది. అందుచేత నిర్ణీత గాఢతను కనీసం 3 వారాలు, చాలామంది అనుభవజ్ఞుల పద్ధతిలో 30 రోజులు, ఎడతెగకుండా నిలపాలి. నడుమ ఒక్క రోజు గాఢత పడిపోయినా దినాల లెక్కను మరల మొదటినుండి ప్రారంభించడం మంచిది.

మోతాదు

కాపర్ సల్ఫేట్ వాడినపుడు నీటిలో స్వేచ్ఛా రాగి అయానుల గాఢత లీటరుకు 0.15 నుండి 0.20 మిల్లీగ్రాములు ఉండాలి. ఇంతకు తగ్గితే పరాన్నజీవి చావదు, పెరిగితే చేపకు ప్రమాదం. స్ఫటిక రూపంలోని మైలుతుత్తంలో రాగి బరువులో నాలుగవ వంతు మాత్రమే ఉంటుంది. కావున 100 లీటర్ల నీటికి కావలసిన 20 మిల్లీగ్రాముల రాగి కొరకు 79 మిల్లీగ్రాముల స్ఫటికాలు కావాలి. ఇంత తక్కువ బరువును ఇంటి త్రాసులో తూచలేము. 3.93 గ్రాముల శుద్ధమైన స్ఫటికాలను స్వేదన జలంలో కరిగించి, మొత్తం ఒక లీటరు చేసినచో, ఆ ద్రావణంలో ఒక్కొక్క మిల్లీలీటరులో సరిగా 1 మిల్లీగ్రాము రాగి ఉంటుంది. ఇక సిరంజితో కొలవడం సులభం. పొలాలకు అమ్మే మైలుతుత్తంలో కల్మషాలు ఉండవచ్చును గనుక దీనికి వాడరాదు.

నీటి పరిమాణాన్ని కూడా సరిగా లెక్కించాలి. 90 సెం.మీ. పొడవు, 30 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు గల తొట్టెలో 108 లీటర్లు పడుతుంది. కాని నీరు 35 సెం.మీ. వరకే ఉన్నచో ఉన్నది 94.5 లీటర్లే. దానికి కావలసిన ద్రావణం సుమారు 19 మిల్లీలీటర్లు. నిండు తొట్టెగా లెక్కవేసి 21.6 మిల్లీలీటర్లు పోసినచో గాఢత 0.23 దగ్గరకు చేరి హద్దు దాటుతుంది. గాజు తొట్టె కొలతలను చూసి మందు పోసేవారు చేసే తప్పు ఇదే. మొత్తం మోతాదును ఒక్కసారిగా పోయక, రెండు మూడు రోజులలో నాలుగైదు భాగాలుగా, ప్రతిసారీ పరీక్షించుకొంటూ పోయాలి.

నీటిలో త్వరగా అవక్షేపం కాకుండా వేరొక పదార్థంతో బంధించిన రాగి మందులు కూడా దుకాణాలలో లభిస్తాయి. వీటిలో కొన్నింటి మోతాదు లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. ఆ సంఖ్యను కాపర్ సల్ఫేట్‌కు వర్తింపజేసినచో పది రెట్లు విషం పోసినట్లే. మందు ఏదో దాని అంకె దానిదే. పరీక్షా ద్రావణం కూడా ఆ రకానికి తగినదై ఉండాలి.

వేరు తొట్టె ఎందుకు

చికిత్స ఎప్పుడూ ఇసుక, రాళ్ళు లేని వేరొక తొట్టెలో చేయాలి. పగడపు ఇసుక, గవ్వలు, సున్నపు రాళ్ళు రాగిని పీల్చుకొంటాయి. ఉదయం పోసిన మందు సాయంత్రానికి నీటిలో ఉండదు. పీల్చుకొన్న రాగి అక్కడే ఉండిపోయి, తరువాత ఎప్పుడైనా తిరిగి విడుదల కావచ్చును. ఉత్తేజిత బొగ్గును కూడా చికిత్స కాలంలో తీసివేయాలి. చేపలు దాగుకొనుటకు ప్లాస్టిక్ గొట్టపు ముక్కలు చాలును.

అన్నిటికంటె పెద్ద కారణం, వెన్నెముక లేని జీవులకు రాగి ప్రాణాంతకం. పగడాలు, సముద్ర పుష్పాలు, నత్తలు, రొయ్యలు, పీతలు చికిత్స మోతాదుకు తక్కువైన గాఢతలోనే చనిపోగలవు. రొయ్యల, పీతల రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హీమోసయానిన్‌లో ఉండే లోహం రాగియే కావడం ఒక వింత. రక్తంలో ప్రాణాధారమైన లోహం నీటిలో కలిస్తే విషమవుతున్నది. చేపలలో సైతం సొరచేపలు, టేకు చేపలు రాగిని సహించలేవు.

జాగ్రత్తలు

రాగి గాఢతను రోజుకు రెండుమార్లు పరీక్షించి వ్రాసి ఉంచాలి. అమ్మోనియాను వడపోతలో విచ్ఛిన్నం చేసే బాక్టీరియా కూడా రాగి వలన మందగించవచ్చును కనుక అమ్మోనియా పరీక్ష అవసరం. నీరు మార్చినపుడు కొత్త నీటిలో అదే గాఢతకు రాగి కలిపి పోయాలి.

రాగి ఎక్కువైన చేప మొప్పలు దెబ్బతిని వేగంగా శ్వాసిస్తుంది, మేత మానుతుంది. వెల్వెట్ వ్యాధి లక్షణాలు కూడా ఇవే. జబ్బు ముదిరిందని భావించి మరికొంత మందు పోసి చేపను తామే చంపుకొన్నవారు ఉన్నారు. ఈ రెంటినీ వేరు చేసి చెప్పగలిగేది నీటి పరీక్ష ఒక్కటే. గాఢత ఎక్కువగా తేలినచో వెంటనే కొంత నీటిని మార్చాలి.

ఇతర పద్ధతులు

నీటి లవణీయతను సగానికి, అనగా లీటరుకు సుమారు 15 గ్రాములకు తగ్గించి కొన్ని వారాలు ఉంచినచో తెల్లమచ్చల వ్యాధి అదుపులోకి వస్తుంది. అమైలూడినియమ్ తక్కువ ఉప్పును కూడా తట్టుకొంటుంది గనుక వెల్వెట్‌కు ఇది పనికిరాదు. మలేరియా మందైన క్లోరోక్విన్‌ను కూడా వాడుతున్నారు. చేపను కొద్ది నిమిషాలు మంచినీటిలో ముంచడం వలన మొప్పలలోని అమైలూడినియమ్ కొంత రాలి ఉపశమనం కలుగుతుందే గాని వ్యాధి నయం కాదు.

చికిత్స ముగిసిన తరువాత

ఉత్తేజిత బొగ్గుతోను, నీరు మార్చడంతోను రాగిని తొలగిస్తారు. అప్పటికి ప్రధాన తొట్టె కూడా శుభ్రపడి ఉండాలి. అందులో మందు వేయరు. చేపలన్నిటినీ తీసివేసి 6 నుండి 10 వారాలు ఖాళీగా ఉంచుతారు. పగడాలు, నత్తలు ఉండవచ్చును. కోశాల నుండి వెలువడిన పిల్ల జీవులు చేప దొరకక నశిస్తాయి. ఒక్క చేపను పట్టలేక అక్కడే వదిలివేసినా ఈ నిరీక్షణ అంతా వ్యర్థమే. రాగి కలిసిన నీటిని చెరువులలో గాని, సముద్రపు ఒడ్డున గాని పారబోయరాదు.

కొత్తగా కొన్న చేపను మొదట వేరు తొట్టెలో 4 వారాలు ఉంచి గమనించినచో, ప్రధాన తొట్టెకు వ్యాధి ప్రాకే అవకాశం చాలావరకు తగ్గుతుంది.