సుంకన్యాయము: కడపమండల వస్త్రవాణిజ్యము

సుంకమను మాట శుల్కశబ్దభవము. పాణిని యష్టాధ్యాయియందుఁ బంచమాధ్యాయమున వృద్ధిలాభాదులతోపాటు శుల్కమును బేర్కొనుటచే నీ వ్యవహారము ప్రాచీనమని స్పష్టము. కౌటిల్యుఁడు రాష్ట్రమునకుఁ బీడ గొలుపు సరకును మాన్పవలెననియు, మహోపకారకమగుదానిని సుంకము లేకయే రానీయవలెననియు విధించెను. కావున సుంకన్యాయమునకుఁ బ్రమాణము దేశహితము. ఈ ప్రమాణముతోఁ గడపమండలవృత్తాంతమును బరిశీలింతము.

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలు నల్లరేగడి భూములు, ప్రత్తిపంటకుఁ బేరుపడినవి. జమ్మలమడుగు మగ్గములకుఁ బ్రసిద్ధము. క్రీ.శ. 1800 లో నైజాము ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి నొసఁగెను. 1807 వఱకు మన్రో దొర దీనిఁ బాలించెను. ఆ కాలపు నేఁతగాఁడు మగ్గమునకు మొహతర్ఫాపన్ను చెల్లించెడివాఁడు. నేసిన బట్ట యూరు దాటినఁ ద్రోవలయందు సాయరుసుంకము పడెడిది. ఈ సాయరు 1844 లోఁ గాని తొలఁగలేదు.

ఇంగ్లండు దేశమో, 1813 నాఁటికి మన నూలుబట్టలపై నూటికి 70, 80 వంతున సుంకము విధించి వానిని రానీయకుండెను. అచటి బట్టలు మాత్రము స్వల్పసుంకముతో మన రేవులఁ దిగెను. 1819 లో సంస్కృతాంగ్లనిఘంటువును బ్రకటించిన హోరేస్ హేమన్ విల్సన్ పండితుఁడు, తా నాంగ్లేయుఁడయ్యు, ఇది రాజ్యాధికారబలముతోఁ జేసిన యన్యాయమని వ్రాసెను.

1896 లో నింకొక విధానము వచ్చెను. విదేశవస్త్రములపై నూటికి 3½ వంతు. మన దేశపు మిల్లుబట్టలపైనను నంతియే. ఇది సమత్వమే కదా యని కొందఱందురు. కాని వ్యాకరణమున సావర్ణ్యము స్థానప్రయత్నముల సామ్యముచే నేర్పడును గాని చెవికి వినఁబడు పోలికచేఁ గాదు. ప్రౌఢమైన పరిశ్రమకును, అప్పుడే మొలకెత్తిన పరిశ్రమకును స్థానసామ్య మెక్కడిది? ఈ దేశీయవస్త్రసుంకము 1925 లో నిలిపివేయఁబడి, 1926 లో రద్దయ్యెను.

అయినను నొక సందేహము మిగులును. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో జరిగిన యంతర్యుద్ధముచే మన ప్రత్తికి వెల పెరిగెను. రైతునకు లాభించెను, నూలు ప్రియమగుటచే సాలెవానికి నష్టించెను. 1896 లో నూలిపై సుంకము తీసివేయఁగా, మిల్లునూలు గొని నేయు చేతిమగ్గమువాని కది మేలే యయ్యెను. నూలు వడకు దేశీయపు మిల్లునకుఁ గాదు. కావున దేశహితమని యూరకుండరాదు. ఎవని హితమని యడుగవలెను. పులివెందుల రైతును, జమ్మలమడుగు సాలెవానిని, ప్రొద్దుటూరి వర్తకుని ముగ్గురను విచారింపకయే నిర్ణయించిన సుంకము, హెచ్చైనను దగ్గైనను, న్యాయ్యము గానేరదు. నాఁడు వారి నడిగినవారు లేరు. అన్యాయమునకు మూల మదియే.