తెగని పంచాయితీ

మన ఊళ్ళలో పులిజూదం తెలియని పిల్లలు ఒకప్పుడు ఉండేవారు కాదు. బండ మీద గీతలు గీసి ఒకవైపు మూడు పులులు, మరోవైపు పదిహేను మేకలు పెట్టుకుని ఆడేవాళ్ళం. మేకలన్నీ కలిసి పులులను కదలనివ్వకపోతే మేకలది గెలుపు. పులులు మేకలను దాటుకుంటూ తినేస్తే పులులది గెలుపు. ఒక్కోసారి కొన్ని మేకలు పోయాక మిగిలినవి పులిని కట్టలేవు, పులికీ తినే సందు దొరకదు. రాళ్ళు అటూ ఇటూ జరుగుతూనే ఉంటాయి. అప్పుడు పక్కన కూర్చున్న పెద్దలు "ఇది తెగదురా, లేవండి" అనేవారు.

ఈ 'తెగదు' అనే మాట మన చరిత్ర చదవడానికి బాగా పనికొస్తుంది. బడిలో మేము సామెతలు చెప్పేటప్పుడు ఇరుక్కుపోయిన మాటలన్నిటినీ ఒకే గాటన కట్టేస్తుంటాం. కానీ అవన్నీ ఒకటి కావు. 'ముందు నుయ్యి, వెనుక గొయ్యి' అంటే ఇరుక్కున్నది ఒక్కడే. 'అడకత్తెరలో పోకచెక్క' కూడా అంతే, నలిగేది మధ్యలో ఉన్నవాడు. 'కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం' అనేది తీర్పు చెప్పేవాడి ఇబ్బంది. ఇద్దరూ గెలవలేని స్థితికి సరిపోయేవి వేరే ఉన్నాయి. అవి 'పీటముడి', 'తెగని పంచాయితీ'. పత్రికలవాళ్ళు దీన్నే 'ప్రతిష్టంభన' అని రాస్తారు.

రంప కొండల్లో 1879లో జరిగింది ఇలాంటిదే. ఆ ఏడాది మార్చిలో చోడవరం చుట్టుపక్కల ముఠాదారులు, కొండరెడ్లు, కోయలు తిరగబడ్డారు. మన్సబుదారు ముఠాదారుల దగ్గర ఎక్కువ కట్నం గుంజాడు. మన చెట్ల కల్లుకు పన్ను వేసి, కల్లు హక్కును గుత్తేదార్లకు అప్పగించారు. మైదానపు వ్యాపారులు చిన్న అప్పులకు దూరపు కోర్టుల్లో డిక్రీలు తెచ్చుకుని పశువులను తోలుకుపోయారు. భద్రాచలం వైపు రేకపల్లిలో పోడు మీద పన్ను పెంచి, కొన్ని చెట్లు నరకరాదన్నారు. ఒక్కొక్కటీ మోయగలిగిందే కావచ్చు, అన్నీ కలిస్తే బతుకు ఆగిపోయింది.

ప్రభుత్వం ముందు పోలీసులను, తర్వాత మద్రాసు సైన్యపు దళాలను దింపింది. అయినా నెలలు గడిచినా లొంగదీయలేకపోయింది. కొండదారులు వాళ్ళకు తెలియవు, మన్యం జ్వరం వాళ్ళను పడేసింది. మనవాళ్ళు కూడా కొండ దిగి మైదానాన్ని పట్టలేరు. గింజలు అయిపోతున్నాయి, ఊళ్ళు కాలుతున్నాయి. అది అచ్చంగా తెగని ఆట. 1880లో నాయకుడు చంద్రయ్య చనిపోయాడు, పోరు మెల్లగా చల్లారింది.

అయితే ప్రభుత్వం ఏమీ ఇవ్వకుండా పోలేదు. మన్సబుదారును తప్పించింది, ముఠాదారులకు నేరుగా సనదులు ఇచ్చింది, ఇంటి వాడకానికి కల్లు గీసుకోనిచ్చింది. అంటే మనవాళ్ళు ఓడలేదని చెప్పుకోవచ్చు. కానీ రెండేళ్ళు తిరగకుండానే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. ఆ తర్వాత రిజర్వు అడవుల గీతలు ఒక్కొక్కటిగా మన కొండల మీదికి ఎక్కాయి. అడవిలో తుపాకీతో గెలవలేనిది కాగితంతో గెలవడం మొదలైంది. 1922 ఆగస్టులో చింతపల్లి పోలీసు స్టేషను మీద దాడి చేసిన అల్లూరి సీతారామరాజు వెంట మన్యం జనం నడవడానికి పోడు నిషేధం ఒక కారణం. నలభై ఏళ్ళకు అదే పీటముడి మళ్ళీ బిగిసింది.

ఇంకో మాట చూడండి. ఆ తిరుగుబాట్లను దొరల కాగితాల్లో 'ఫితూరీ' అని రాశారు. ఈ రోజు తెలుగులో పితూరీ అంటే ఒకరి మీద పైవాళ్ళకు చాడీ చెప్పడం. ప్రాణాలు పెట్టిన పోరాటం పేరు చాడీ స్థాయికి దిగిపోయింది. మాటలను మనం కాపాడుకోకపోతే ఇలాగే అవుతుంది.

అందుకే 'ప్రతిష్టంభన' అనే మాట మీద మాకు అనుమానం. అది వింటే ఇద్దరూ సమానంగా ఆగినట్టు అనిపిస్తుంది. పోడు గొడవలో అలా ఉందా? ఆఫీసుకు ఆగిపోయింది ఒక ఫైలు. మనకు ఆగిపోయింది ఒక పంట. ఫైలు పదేళ్ళు ఆగగలదు, కడుపు ఒక్క వానాకాలం కూడా ఆగలేదు. గెలుపు ఎవరిదీ కానప్పుడు ఎక్కువకాలం ఆగగలిగినవాడిదే పైచేయి అవుతుంది. కాబట్టి పిల్లలకు 'ఇద్దరూ ఇరుక్కున్నారు' అని చెప్పి ఊరుకోకుండా, 'ఎవరు ఆగగలరు?' అని కూడా అడగాలి.

2006 అటవీ హక్కుల చట్టం ఈ ఆగడంలో మనకు కొంత బలం ఇచ్చింది. 2005 డిసెంబరు 13కు ముందు నుంచి సాగులో ఉన్న ఆదివాసీకి హక్కు ఉంది. దరఖాస్తు విచారణ పూర్తయ్యేదాకా భూమి మీద నుంచి ఖాళీ చేయించకూడదని ఆ చట్టమే చెబుతోంది. అంటే తెగనంతకాలం భూమి మీద ఉండాల్సింది మనమే. ఇది మన యువకులకు నోటికి రావాలి.

ఇంకొకటి, ఉపాధ్యాయులుగా మనకు సంబంధించినది. హక్కుకు రుజువుగా ఊరి పెద్దల మాటను రాసి ఇవ్వవచ్చని ఆ చట్టపు నియమాల్లో ఉంది. దరఖాస్తుదారు కాని పెద్ద ఎవరైనా, ఈ చేను ఎప్పటినుంచి ఎవరిదో చెబితే, దాన్ని కాగితం మీద పెడితే అది సాక్ష్యం. 1882లో కాగితం లేక ఓడిపోయాం. ఇప్పుడు మన ఊళ్ళలో రాయగలిగిన పిల్లలున్నారు. ఈ వేసవి సెలవుల్లో ప్రతి పిల్లా ప్రతి పిల్లాడూ ఒక తాత దగ్గరో అవ్వ దగ్గరో కూర్చుని, వాళ్ళ చేను గట్లు, చెట్ల గుర్తులు, మొదట పోడు కొట్టిన ఏడాది రాసుకోవాలి. పెద్దలు పోయాక ఆ మాట ఎవరూ చెప్పలేరు.

పంచాయితీ తెగలేదంటే మనం ఓడిపోయామని అర్థం కాదు. ఆట ఇంకా బండ మీదే ఉంది. మన రాయి మనం ఎత్తకుండా చూసుకోవాలి.