పాత కార్లు, పొగబండ్లు, చిట్టి నమూనాలు: ఒకే అభిరుచి చరిత్ర

పాత మోటారు కారును బాగుచేసి రోడ్డెక్కించడం, మూలపడ్డ ఆవిరి ఇంజన్ని మళ్లీ రాజెయ్యడం, లేత్ ముందు కూర్చుని జానెడు రైలింజను తయారుచేయడం - ఇవి మూడు వేర్వేరు సరదాలుగా కనిపిస్తాయి. వాటి చరిత్ర తిరగేస్తే మాత్రం మూడింటిలోనూ తరచు అవే పేర్లు ఎదురవుతాయి. పందెం కార్లు నడిపినవాళ్లు రైలుమార్గాలు వేశారు, పాత కార్ల సంఘంలో తిరిగినవాళ్లు మూతపడబోయే రైల్వేను నిలబెట్టారు, బొమ్మ రైళ్లు చేసినవాళ్లు నిజం రైలుకు గార్డులయ్యారు. ఈ అభిరుచికి పుట్టిల్లు బ్రిటన్. అక్కడ జరిగిన కథ తెలిస్తేనే మన దేశంలోని పాత కార్ల ర్యాలీలూ, కొండ రైళ్లూ సరిగ్గా అర్థమవుతాయి.

కారుకూ ఆవిరికీ చుట్టరికం చట్టంలోనే మొదలైంది. రోడ్ల మీద నడిచే ఆవిరి ఇంజన్లకు ముకుతాడు వెయ్యడానికి బ్రిటిష్ పార్లమెంటు 1865లో ఒక చట్టం చేసింది. పల్లె దారుల్లో గంటకు 4 మైళ్లు, ఊళ్లలో 2 మైళ్లు దాటకూడదు, బండికి ముందు ఎర్రజెండా పట్టుకుని ఒక మనిషి నడవాలి. తర్వాత జెండా నిబంధన సడలినా, ముందు నడిచే మనిషి మాత్రం మిగిలాడు. పెట్రోలు కార్లు వచ్చాక అవీ అదే చట్టం కింద చిక్కుకున్నాయి. 1896లో ఆ కట్లు తెగాయి. ఆ ఏడాది నవంబరు 14న మోటారుదారులు లండన్ నుంచి బ్రైటన్‌కు ఊరేగింపుగా బయలుదేరి పండగ చేసుకున్నారు. 1927లో ఆ ప్రయాణాన్ని గుర్తుచేసుకుంటూ పాత కార్లతో మళ్లీ అదే దారి పట్టారు. లండన్-బ్రైటన్ యాత్ర అలా మొదలైంది. 1905కు ముందు తయారైన బండ్లకే అందులో చోటు. పెట్రోలు కార్ల పక్కన ఆవిరి కార్లూ బుసకొడుతూ పరుగెత్తుతాయి.

ఆ కాలపు కారును లేపడం ఒక విద్య. తాళం తిప్పితే పలికే బండ్లు కావవి. ముందు ఇగ్నిషన్ మీటను వెనక్కి జరపాలి. తర్వాత ముందువైపు ఉన్న ఇనుప హ్యాండిల్ పట్టుకుని, బొటనవేలు మిగతా నాలుగు వేళ్ల పక్కనే ఉంచి, కింద నుంచి పైకి లాగాలి. బొటనవేలు హ్యాండిల్‌కు అవతలివైపు చుట్టినవాడి గతి అంతే. ఇంజను ఎదురు తన్నిందంటే వేలో మణికట్టో విరుగుతుంది. ఈ ఒడుపు పుస్తకంలో చదివితే వచ్చేది కాదు, తెలిసినవాడు పక్కన నిలబడి నేర్పాల్సిందే. ఇలాంటి పనితనం పోగొట్టుకోకూడదనే పట్టుదలతోనే 1930లో బ్రిటన్‌లో వెటరన్ కార్ క్లబ్, 1934లో వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ పుట్టాయి.

నమూనాల కథ అంతకంటే పాతది. 1898లో పెర్సివల్ మార్షల్ లండన్‌లో 'మోడల్ ఇంజనీర్' పత్రికను ప్రారంభించాడు. చదువరుల్లో వర్క్‌షాపుల్లో పనిచేసే మిస్త్రీలు, గుమాస్తాలు, బడిపిల్లలు ఉండేవారు. ఆ రోజుల్లోనే నార్తాంప్టన్‌లో బాయిలర్ల తయారీదారు కొడుకు బాసెట్-లోక్ నమూనాల సంస్థ పెట్టాడు. 'మోడల్ ఇంజనీర్' పత్రికలోనే కర్లీ లారెన్స్ అనే రైల్వే మనిషి 'ఎల్‌బీఎస్‌సీ' అన్న కలం పేరుతో రాసేవాడు. అది తను పనిచేసిన రైల్వే పేరులోని పొడి అక్షరాల కలయిక. చిట్టి ఇంజన్లకు స్పిరిట్ దీపమే గతి అనుకునే రోజుల్లో, రెండున్నర అంగుళాల గేజి మీద నడిచే ఇంజను నిజంగా బొగ్గు తిని బతికున్న మనిషిని లాగగలదని చేసి చూపించాడు. ఏ రేకు ఎక్కడ కోయాలో, ఏ రివెట్ ఎప్పుడు కొట్టాలో ఇంటి పక్క పెద్దాయన చెబుతున్నట్టు వారం వారం రాశాడు. ఆ పాఠాలు పట్టుకుని ఇంటి వెనక షెడ్లలో ఇంజన్లు కట్టినవాళ్లు ఎందరో.

చిన్నదైనా బాయిలరు బాయిలరే. రాగి రేకు వంచి, వెండి కలిసిన టంకంతో అతికి, ముందు దాన్ని నిండా నీళ్లతో నింపి పంపుతో ఒత్తిడి పెంచుతారు. పనిచేసేటప్పుడు ఉండే ఒత్తిడికి రెండింతల దాకా తీసుకెళ్లి, ఎక్కడా చెమర్చకపోతేనే నిప్పు పెట్టనిస్తారు. ఆవిరితో కాకుండా నీళ్లతో ఎందుకంటే, నీరు నొక్కుకుపోదు కనుక అతుకు విడిపోతే కారి ఊరుకుంటుంది. ఆవిరైతే పేలుతుంది.

బొమ్మ కారు పుట్టుక ఇంకా ముచ్చటైనది. లివర్‌పూల్‌కు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో బెజ్జాల ఇనుప పట్టీల ఆటకు పేటెంటు తీసుకున్నాడు. తర్వాత మెకానో పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఆట అదే. 1920లో ఆయన సంస్థ బొమ్మ రైళ్లు తెచ్చింది. రైలు, స్టేషను, సిగ్నళ్లు ఉన్నాయి, మరి స్టేషను ముందు రోడ్డు మీద ఏమీ లేకపోతే ఎలా? ఆ వెలితి పూడ్చడానికి 1930ల మొదట్లో చిన్న లోహపు కార్లు, లారీలు పోతపోశారు. 1934కల్లా వాటికి డింకీ టాయ్స్ అన్న పేరు స్థిరపడింది. అంటే బొమ్మ కారు మొదట బొమ్మ రైలుకు తోడుగా వచ్చిందే. దాని ఆనవాలు ఇవాళ్టికీ ఉంది. బ్రిటన్ ఓ-గేజి రైళ్ల కొలత అడుగుకు 7 మిల్లీమీటర్లు. లెక్కకడితే అసలుకు దాదాపు 43వ వంతు. ప్రపంచవ్యాప్తంగా సేకర్తలు అల్మారాల్లో పేర్చుకునే పోత లోహపు కార్లకు 1:43 అన్న విచిత్రమైన కొలత ఆ రైళ్ల నుంచి అబ్బిందే.

కారు, రైలు, నమూనా మూడూ ఒక్కచోట కలిసిన ఉదాహరణ కావాలంటే ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన కెంట్ తీరానికి వెళ్లాలి. కౌంట్ లూయీ జ్బరాఫ్‌స్కీ పందెం కార్ల డ్రైవరు. విమానానికి వాడే 23 లీటర్ల మేబాక్ ఇంజన్ని కారు చట్రంలో బిగించి, దానికి 'చిట్టీ బ్యాంగ్ బ్యాంగ్' అని పేరు పెట్టి బ్రూక్‌లాండ్స్ పందేల్లో ఉరికించినవాడు. ఇయాన్ ఫ్లెమింగ్ పిల్లల కథకు ఆ పేరే స్ఫూర్తి. అదే మనిషి తన ఎస్టేటులో 15 అంగుళాల గేజి చిట్టి రైలు నడిపేవాడు. తనలాగే కార్లూ చిట్టి రైళ్లూ రెండూ ఇష్టపడే కెప్టెన్ హోవీతో కలిసి పెద్ద రైల్వేనే వెయ్యాలనుకుని, నమూనాల రూపకర్త హెన్రీ గ్రీన్లీ గీసిన రెండు ఇంజన్లకు ఆర్డరిచ్చాడు. అవి చేతికందకముందే 1924లో మోంజా పందెంలో ప్రాణం పోగొట్టుకున్నాడు. హోవీ వదిలిపెట్టలేదు. 1927లో రోమ్నీ, హైత్, డిమ్‌చర్చ్ రైల్వే తెరుచుకుంది. పెద్ద ఇంజన్లలో మూడోవంతు ఉండే యంత్రాలు దాదాపు 22 కిలోమీటర్ల దారిలో ఇప్పటికీ ప్రయాణికుల్ని మోస్తున్నాయి. దాన్ని బొమ్మ అనాలా, రైలు అనాలా? రెండో ప్రపంచయుద్ధంలో ఆ పట్టాల మీద సాయుధ రైలు కూడా నడిచింది కాబట్టి బొమ్మ అనడానికి నోరు రాదు.

ఈ చరిత్రలో ఒకే ఒక్క మనిషిని ఎంచుకోమంటే టామ్ రోల్ట్‌నే ఎంచుకోవాలి. 1910లో పుట్టాడు. ఆవిరి ఇంజన్లు కట్టే కెర్ స్టూవర్ట్ కర్మాగారంలో పని నేర్చాడు. తర్వాత హాంప్‌షైర్‌లో ఫీనిక్స్ గ్రీన్ గ్యారేజీలో భాగస్వామి అయ్యాడు. వింటేజ్ స్పోర్ట్స్-కార్ క్లబ్ తొలి రోజుల్లో సభ్యులకు ఆ గ్యారేజీ, పక్కనున్న పబ్బు కూడలి. తనూ ఆల్విస్ కారు నడిపేవాడు. ఆపై పడవలో కాపురం పెట్టి, కాలువల రక్షణ కోసం 1946లో సంఘం స్థాపించినవారిలో ఒకడయ్యాడు. ఇదంతా ఒక ఎత్తు, 1950లో చేసిన పని ఒక ఎత్తు.

వేల్స్‌లో టవిన్ అనే సముద్రపుటూరు నుంచి పలకరాతి గనుల వైపు వెళ్లే టాలిఖ్లిన్ అనే చిన్న రైల్వే ఉంది. 1865 నాటిది, పట్టాల మధ్య దూరం రెండడుగుల మూడంగుళాలు. యజమాని సర్ హెన్రీ హేడన్ జోన్స్ గనులు మూతపడ్డాక కూడా, తాను బతికున్నంతవరకూ రైలు నడుపుతానని నష్టానికే నడిపాడు. 1950 జులైలో ఆయన పోయాడు. ఆ అక్టోబరులో రోల్ట్, మిత్రులు బర్మింగ్‌హామ్‌లోని ఒక హోటల్లో సభ పెట్టి, స్వచ్ఛంద కార్యకర్తలతోనే ఆ రైలును నడుపుతామని తీర్మానించారు. అప్పటికి ప్రపంచంలో ఎవరూ చేయని పని అది. ఒక పాత కారుకు నలుగురు చాలు. రైలుకు పట్టాలు, కట్టలు, వంతెనలు, సిగ్నళ్లు, టిక్కెట్లు అన్నీ కావాలి. గడ్డి మధ్య పట్టాలు కనిపించని స్థితి. కదలగలిగిన ఇంజను ఒక్కటే, 1866 నాటి డోల్గాఖ్. పక్కనే మూతపడ్డ కారిస్ రైల్వే నుంచి మరో రెండింటిని ఒక్కొక్కటి 25 పౌండ్లకు కొన్నారు. 1951 మే 14న కొత్త సంఘం తొలి రైలు కదిలింది. కార్ల క్లబ్బులో అలవాటైన పద్ధతే, అంటే చందాలు వేసుకోవడం, ఆదివారం చేతులు మసి చేసుకోవడం, తెలిసినవాడు తెలియనివాడికి నేర్పడం, ఇక్కడ రైలుకు పనికొచ్చింది.

ఆ తొలి కార్యకర్తల్లో రెవరెండ్ డబ్ల్యూ. ఆడ్రీ ఒకడు. థామస్ అనే నీలం ఇంజను కథలు రాసిన మతగురువు. కొడుకు కోసం థామస్‌ను చెక్కతో చేసిచ్చినవాడు, నమూనా రైల్వేలు కట్టి ప్రదర్శనలకు మోసుకెళ్లినవాడు. 1952లో టాలిఖ్లిన్‌లో గార్డుగా పనిచేశాడు. అక్కడి ఇంజన్లు తర్వాత ఆయన కథల్లో వేరే పేర్లతో పాత్రలయ్యాయి.

1950లోనే ఇంకో వింత జరిగింది. అప్పటి బెర్క్‌షైర్‌లోని యాపిల్‌ఫర్డ్‌లో ఆర్థర్ నాపర్ అనే రైతు, రోడ్డు ఆవిరి ఇంజను ఉన్న మరో ఆసామితో పందెం కాశాడు. గెలిచినవారికి ఒక పీపా బీరు. అప్పటిదాకా ఆ ఇంజన్లను పాత ఇనుము కింద అమ్మేస్తున్నారు. ఆ పందెం పొలాల్లో జాతరలుగా పెరిగింది. ఈనాటి బ్రిటన్ ఆవిరి జాతరల్లో ఒకవైపు రోడ్డింజన్లు, ఒకవైపు పాత కార్లు, డేరాల్లో నమూనాలు పక్కపక్కనే ఉంటాయి. మూడేళ్లకు, 1953లో, సినిమా కూడా ఈ పిచ్చిని నెత్తికెత్తుకుంది. బ్రైటన్ యాత్ర మీద 'జెనివీవ్', ఊరి రైలును నిలబెట్టుకునే జనం మీద 'టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్' ఒకే ఏడాది వచ్చాయి.

1968 ఆగస్టుతో బ్రిటిష్ రైల్వే ప్రధాన మార్గాల్లో ఆవిరి ముగిసింది. అంతకుముందే, 1963లో, ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అనే ఆవిరి ఇంజన్ని అలన్ పెగ్లర్ అనే అభిమాని 3,000 పౌండ్లకు కొన్నాడు. దాన్ని అమెరికాకు తీసుకెళ్లి దివాలా తీశాడు కూడా. ఇంజన్ని 1973లో మరో అభిమాని వెనక్కి తెచ్చాడు. సౌత్ వేల్స్ బ్యారీలో డాయ్ వుడ్‌హామ్ తుక్కు దుకాణం ఇంకో అదృష్టం. పాత వ్యాగన్లు విరగ్గొట్టడం సులువని ముందు వాటి పని పట్టడంతో ఇంజన్లు ఏళ్ల తరబడి సముద్రపు గాలికి తుప్పుపడుతూ నిలబడ్డాయి. అభిమానులు చందాలు పోగుచేసుకుని వచ్చి ఒక్కొక్కటే విడిపించుకుపోయారు. మొత్తం 213 ఇంజన్లు అలా బతికాయి.

కాపాడటానికి ఒక్కటీ మిగలని జాతి ఉంటే? పెపర్‌కార్న్ ఏ-1 రకానికి చెందిన 49 ఇంజన్లూ తుక్కైపోయాయి. 1990లో కొందరు అభిమానులు యాభయ్యోదాన్ని కొత్తగా కట్టడానికి పూనుకున్నారు. బాయిలరు మాత్రం జర్మనీలోని మైనింగెన్ కర్మాగారం నుంచి రావలసి వచ్చింది. ఆవిరి పుట్టిన దేశంలో అంత పెద్ద బాయిలరు కట్టే చేతులు అప్పటికి కరువయ్యాయి. ఈ కథలో నిజంగా బాధ కలిగించే ఘట్టం ఇదే. 'టోర్నడో' అని పేరు పెట్టిన ఆ ఇంజను 2008లో డార్లింగ్టన్ షెడ్డులో ఊపిరి పోసుకుంది. మరుసటి ఏడాది ఒక టీవీ కార్యక్రమంలో లండన్ నుంచి ఎడిన్‌బరో దాకా జాగ్వార్ ఎక్స్‌కే-120 కారుతో, విన్సెంట్ మోటార్ సైకిల్‌తో పోటీపడింది. కారే గెలిచింది.

చల్లారిన ఇంజన్ని లేపడం చూస్తే ఈ అభిమానం లోతు తెలుస్తుంది. ఫైర్‌మన్ రైలు కదలడానికి గంటల ముందే, ఇంకా చీకటుండగానే వస్తాడు. మొదట చూసేది నిప్పు కాదు, గాజు గొట్టంలో నీటి మట్టం. నిన్నటి బూడిద లాగి, కిరసనాయిలు గుడ్డలు, కట్టెలు, వాటిపై బొగ్గు పేరుస్తాడు. మంట తొందరపడి పెంచకూడదు. ఇనుము ఒకచోట వేడెక్కి ఇంకోచోట చల్లగా ఉంటే గొట్టాల అతుకులు వదులవుతాయి. ఈలోగా నూనె డబ్బా పట్టుకుని డ్రైవరు ప్రతి కీలునూ పలకరించి వస్తాడు.

మన దేశంలో ఈ గాలి ఆలస్యంగా వీచినా గట్టిగానే వీచింది. ఢిల్లీలో స్టేట్స్‌మన్ పత్రిక పాత కార్ల ర్యాలీ 1964లో మొదలైంది. 1855లో లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఇంజను 1997లో ఢిల్లీ-అల్వర్ మధ్య మళ్లీ పరుగు తీసి, మరుసటి ఏడాది గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. నీలగిరి కొండ రైలుకైతే తిరుచ్చి పొన్మలై వర్క్‌షాపులో 2011 తర్వాత కొత్త ఆవిరి ఇంజన్లే కట్టారు.

హైదరాబాదులోనూ చూడదగినవి రెండున్నాయి. చౌమహల్లా ప్యాలెస్‌లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం తెప్పించిన పసుపుపచ్చ రోల్స్-రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది. బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియం ఉంది. బూటు, వంకాయ, క్రికెట్ బంతి ఆకారాల్లో అక్కడ కనిపించే కార్లు సుధాకర్ యాదవ్ చేత్తో చేసినవి, అన్నీ నడిచేవే. వాటిని నమూనాలనాలో కార్లనాలో చూసినవారే తేల్చుకోవాలి.

మన బ్రాడ్‌గేజి మీద రోజువారీ ఆవిరి రైళ్లు 1995తో ఆగిపోయాయి. వాటికి బొగ్గు వేసిన ఫైర్‌మన్లు, షెడ్లలో పనిచేసిన ఫిట్టర్లు రైల్వే ఊళ్లలో ఇప్పుడు ముసలివాళ్లయ్యారు. మీ వీధిలో అలాంటి పెద్దాయన ఉంటే ఈ ఆదివారం వెళ్లి పక్కన కూర్చోండి. ఇంజన్ని ఎలా లేపేవారో అడిగి, ఆయన మాటల్లోనే రాసిపెట్టుకోండి.