హైదరాబాద్ అంటే ఎంతవరకు? జిల్లా, బల్దియా, హెచ్‌ఎండీఏ హద్దులు

హైదరాబాద్ పేరు ఒక్కటే. కానీ సర్కారు లెక్కల్లో దాని హద్దులు మాత్రం చాలా ఉన్నాయి. ఏ పనికి ఏ ఆఫీసుకు పోవాలన్నది ఆ హద్దులను బట్టే ఉంటుంది.

జిల్లా: 1978లో పాత హైదరాబాద్ జిల్లా నుంచి శివారు, గ్రామీణ ప్రాంతాలను విడదీసి రంగారెడ్డి జిల్లా చేశారు. మిగిలిన హైదరాబాద్ జిల్లా విస్తీర్ణం సుమారు 217 చదరపు కిలోమీటర్లే. ఇందులో 16 మండలాలు ఉన్నాయి. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు ఉప్పల్, కుత్బుల్లాపూర్ వంటి ప్రాంతాలు మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి వెళ్లాయి.

బల్దియా: పాత కార్పొరేషన్‌లో చుట్టుపక్కల 12 మున్సిపాలిటీలు, 8 పంచాయతీలను కలిపి 2007 ఏప్రిల్‌లో జీహెచ్ఎంసీని ఏర్పాటు చేశారు. దాంతో పరిధి సుమారు 625 చదరపు కిలోమీటర్లకు పెరిగింది. 2025 డిసెంబర్‌లో మరో 27 పట్టణ సంస్థలను కలిపారు. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌కు మాత్రం రక్షణ శాఖ కింద వేరే బోర్డు ఉంది.

హెచ్‌ఎండీఏ: 2008లో ఏర్పడింది. ఔటర్ రింగ్ రోడ్డు దాటి చాలా దూరం దీని పరిధి ఉంటుంది. మాస్టర్ ప్లాన్, లేఅవుట్ అనుమతులు దీని పని. చెత్త ఎత్తడం, బర్త్ సర్టిఫికెట్లు ఇవ్వడం దీని పని కాదు.

పోలీస్ కమిషనరేట్ల హద్దులు వేరు. అవి జిల్లా హద్దులతో కలవవు.

తేడా ఎక్కడ తెలుస్తుంది?

పాతబస్తీ నుంచి చాంద్రాయణగుట్ట దాటి షాహీన్‌నగర్‌లో ఇల్లు కట్టుకున్న కుటుంబాన్నే తీసుకోండి. అడ్రస్‌లో హైదరాబాద్ అని రాసుకున్నా, జిల్లా రంగారెడ్డి, మండలం బాలాపూర్. ఒకప్పటి జల్‌పల్లి మున్సిపాలిటీ 2025లో బల్దియాలో కలిసినా జిల్లా మారలేదు. పిల్లల బీసీ-ఈ, ఆదాయ సర్టిఫికెట్లకు మీసేవలో బాలాపూర్ మండలమే పెట్టాలి. అదే ఇంటి బిడ్డ పేట్లబురుజు ఆస్పత్రిలో పుడితే, జననం నమోదయ్యేది పుట్టిన చోటే. పాస్‌పోర్ట్ విచారణ ఇప్పుడుంటున్న ఇంటి పరిధిలోని ఠాణా నుంచి జరుగుతుంది.

అడ్మిషన్ల వేళ మండలం తప్పు పెడితే దరఖాస్తు తిరిగొస్తుంది, గడువు దాటిపోతుంది. అందుకే జిల్లా, మండలం, వార్డు, ఠాణా, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసి ఇంట్లో పెట్టుకోవడం మేలు. శివార్లలో ప్లాట్ కొనేవారైతే, బయానా ఇచ్చే ముందే లేఅవుట్‌కు అనుమతి ఉందో లేదో చూసుకోవాలి.