ఎక్కడ ఓటేస్తే?

2009 డిసెంబర్ 9. తార్నాకలో ఒకే రూమ్‌లో ఇద్దరం ఉండేవాళ్ళం. నాది నల్గొండ, వాడిది గుంటూరు. తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలుపెడతామని కేంద్ర హోంమంత్రి చిదంబరం రాత్రి ప్రకటించాడు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు అరిచి అరిచి, గొంతు పోయి రూమ్‌కొచ్చాను. కర్రీ పాయింట్ నుంచి తెచ్చిన పప్పు కవర్ విప్పుతూ వాడు అడిగాడు:

"రాష్ట్రమంతా ఓటింగ్ పెడితే మీరు ఓడిపోతారు కదరా. మరి ఇది ప్రజాస్వామ్యం ఎట్టా అవుద్ది?"

"తెలంగాణలో పెడితే మేమే గెలుస్తం" అన్నాను.

ఇద్దరి లెక్కా కరెక్టే. తేడా అంతా ఎక్కడ ఓటేస్తే అన్న దాంట్లో ఉంది.

ప్రజాస్వామ్యం అంటే మెజారిటీ మాట చెల్లడం అని స్కూల్లో చదువుకున్నాం. మెజారిటీ తేలాలంటే ముందు మొత్తం ఎంతో తెలియాలి కదా. ఆ మొత్తం ఎవరు, అంటే 'ప్రజలు' ఎవరు, అన్నది ఓటు పెట్టి తేల్చలేం. ఆ ఓటు ఎవరు వెయ్యాలన్న ప్రశ్న మళ్ళీ మొదటికొస్తుంది. కోడ్ రాసేవాళ్ళ భాషలో ఇది ఇన్‌ఫినిట్ లూప్. బ్రిటిష్ రాజ్యాంగ పండితుడు ఐవర్ జెన్నింగ్స్ ఈ చిక్కుని 1956లో రాసి పెట్టాడు. సరిగ్గా అదే ఏడాది నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది.

ఆ చిక్కుకి అప్పట్లో ఒక పరిష్కారం మన చేతికి వచ్చింది కూడా. ఫజల్ అలీ కమిషన్ 1955 నివేదికలో, హైదరాబాద్ రాష్ట్రాన్ని కొంతకాలం విడిగానే ఉంచమంది. 1961 ప్రాంతంలో జరిగే ఎన్నికల తర్వాత అక్కడి శాసనసభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకుంటే అప్పుడు ఆంధ్రతో కలపమంది. అంటే తేల్చుకోవాల్సింది చిన్న భాగమే, అదీ గట్టి మెజారిటీతో. కానీ ఎవరూ అప్పటిదాకా ఆగలేదు. దానికి బదులు 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ఇదీ ప్రజాస్వామ్యంలో ఒక రూపమే: తక్కువ సంఖ్యలో ఉన్నవాళ్ళకి ముందే హామీలు ఇచ్చి అధికారం పంచుకోవడం. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి ఉండాలని అందులో ఉంది. మొదటి మంత్రివర్గంలోనే ఆ కుర్చీ వెయ్యలేదు.

హామీలు పోతే మిగిలేది లెక్క. 2009 నాటి అసెంబ్లీలో 294 సీట్లుంటే తెలంగాణవి 119. ఆ 119 మందీ ఒక్క మాట మీద నిలబడినా ఓడిపోతారు. ఇవాళ మైనారిటీ రేపు మెజారిటీ కాగలదన్న నమ్మకం మీదే కదా ఓడినవాళ్ళు ఫలితాన్ని ఒప్పుకునేది. ఆ అవకాశమే లేనప్పుడు జనం రోడ్డు మీదికి వస్తారు. 1969లో ఉస్మానియా విద్యార్థులు వచ్చింది అలాగే. 1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణలోని 14 సీట్లలో 10 తెలంగాణ ప్రజా సమితి గెలిచింది. కొన్ని నెలలకే ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. ఓట్లన్నీ సరిగ్గానే లెక్కపెట్టారు. మాట మాత్రం ఎక్కడికీ చేరలేదు.

2014లో లెక్క తిరగబడింది. జనవరి 30న ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ విభజన బిల్లుని మూజువాణి ఓటుతో తిప్పికొట్టింది. ఆర్టికల్ 3 ప్రకారం అసెంబ్లీది అభిప్రాయం మాత్రమే, నిర్ణయం పార్లమెంటుది. ఫిబ్రవరి 18న లోక్‌సభలో బిల్లు గట్టెక్కింది, ఆ టైమ్‌లో టీవీ ప్రసారం ఆగిపోయింది. మా వాడు ఫోన్ చేసి "కనీసం చూడనీలేదు కదరా" అన్నాడు. గెలిచిన సంతోషంలో ఉన్నా, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

అదే ఏడాది సెప్టెంబర్‌లో స్కాట్లాండ్ రెఫరెండం పెట్టుకుంది. ఎవరు ఓటెయ్యాలో ముందే ఒప్పుకున్నారు: పుట్టింది ఎక్కడైనా సరే, స్కాట్లాండ్‌లో ఉంటున్నవాళ్ళు. వేరుపడదామన్న వాళ్ళు ఓడిపోయారు, ఫలితాన్ని ఒప్పుకున్నారు. ఆ రూల్ ఇక్కడుంటే తార్నాక అడ్రస్ మీద మా గుంటూరోడికీ ఓటుండేది. నిజాం కాలపు ముల్కీ నిబంధనల ప్రకారం చూస్తే, పదిహేనేళ్ళ నివాసం లేదు కాబట్టి వాడు స్థానికుడు కాడు. వాడు 'ప్రజల్లో' ఒకడా కాదా? ఆ రాత్రి నేను అరిచిన నినాదాల్లో ఈ ప్రశ్న లేదు.

ఇప్పుడు ఆఫీసు నుంచి తార్నాక మీదుగా వెళ్తూ ఒక్కోసారి క్యాంపస్‌లోకి బండి తిప్పుతాను. ఒక రాష్ట్రానికి ప్రజలెవరో తేల్చమని ఢిల్లీని నిలదీసిన చోటు ఇది. ఇక్కడి విద్యార్థి సంఘానికి మాత్రం దశాబ్దాలుగా ఎన్నికల్లేవు. అసెంబ్లీకి ఓటెయ్యగలిగిన పిల్లలకి తమ సంఘానికి ఓటెయ్యడం లేదు. 119 మంది ఎప్పటికీ ఓడిపోయే లెక్క అన్యాయం అన్నాం. అసలు లెక్కే పెట్టకపోతే ఏమనాలి?

మా వాడు ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాడు. ఈ వ్యాసం ముందు వాడికే పంపాను. చదివి ఒక్క ముక్క రాశాడు: "ఓటు నాకుండి ఉంటే ఎటేసేవాణ్ణో అడగవేంట్రా?"

నిజమే. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.